ఒక్క అంకె చాలదు: కేబుల్ ఇన్సులేషన్ పరీక్ష కథ

హై వోల్టేజి కేబుల్‌ను లైనుకు కలిపే ముందు మెగ్గరు (ఇన్సులేషన్ కొలిచే పరికరం) పెట్టి చూడటం సబ్‌స్టేషన్లలో అలవాటైన పని. కేబుల్ రెండు కొసలూ విడదీస్తారు. ఒక్కో ఫేజుకూ ఎర్తుకూ మధ్య కొన్ని వేల వోల్టుల డీసీ పెడతారు. నిమిషం గడిచాక ఇన్సులేషన్ రెసిస్టెన్స్ ఎన్ని మెగోమ్‌లు వచ్చిందో చూసి రిజిస్టరులో రాసుకుంటారు. అంకె బాగుంటే లైను చార్జి చేస్తారు, బాగాలేకపోతే తప్పు ఎక్కడుందో వెతుకుతారు. ఈ పని ఎంత మామూలైపోయిందంటే, దీని వెనక సముద్రం పాలైన లక్షల పౌన్లూ, ఒక బహిరంగ విచారణా ఉన్నాయని ఎవరికీ తట్టదు. ఆ నిమిషం ఎందుకు ఆగాలి? కిలోమీటరుకు ఇంత అని ఎందుకు లెక్క కట్టాలి? కేబుల్ ఎంత వేడి మీద ఉందో ఎందుకు చూడాలి? ఈ ప్రశ్నలకు జవాబులు కరెంటు కంపెనీలు పుట్టకముందే, సముద్రంలో తంతి కేబుళ్ళు వేసినవాళ్ళు కనుక్కున్నారు. నేను వాదించేది ఇదీ: ఈ పరీక్షకు విలువ తెచ్చింది, అంకెను ఏ పరిస్థితుల్లో తీశారో రాసిపెట్టి పాత అంకెతో పోల్చి చూసే అలవాటు. ఆ అలవాటు 1860 ప్రాంతంలో ఇంజినీర్లకు భారీ నష్టాల మీద అబ్బింది. పరికరం అందరి చేతికీ వచ్చాక అంకె మిగిలింది, అలవాటు చాలామట్టుకు సడలిపోయింది.

కేబుల్ అంటే రాగి తీగ, దాని చుట్టూ కరెంటును బయటికి పోనివ్వని తొడుగు. రాగి ఎప్పటినుంచో ఉంది. నీళ్ళలో నిలిచే తొడుగు కోసమే చాలాకాలం ఎదురుచూడాల్సి వచ్చింది. మలయా అడవుల్లోని చెట్ల పాలతో తయారయ్యే గట్టాపర్చా 1843లో సింగపూర్ నుంచి లండన్ చేరింది. అది వేడికి మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, సముద్రపు నీటిలో ఏళ్ళ తరబడి చెడదు. 1847లో వెర్నర్ సీమెన్స్ దీన్ని తీగకు తొడుగుగా వాడటం మొదలుపెట్టి, అతుకు లేకుండా తొడిగే యంత్రం కూడా చేశాడు. 1851లో ఇంగ్లీషు చానల్ అడుగున వేసిన కేబుల్ పనిచేసింది. ఆ ధైర్యంతో అట్లాంటిక్‌లోకి దిగారు. 1858 ఆగస్టు 5న ఐర్లండ్, న్యూఫౌండ్‌లాండ్ ఒకే తీగతో కలిశాయి. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కు పంపిన 98 మాటల సందేశం చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. మన దేశంతో ముడిపడ్డ ఆజ్ఞ కూడా ఒకటి ఆ తీగ మీదుగా వెళ్ళింది: 1857 తిరుగుబాటు కారణంగా కెనడా నుంచి బయల్దేరాల్సిన రెండు రెజిమెంట్లు ఇక కదలనక్కర్లేదని లండన్ కబురు పంపింది. సెప్టెంబరు వచ్చేసరికి మాటలు అందడం ఆగిపోయింది. సంకేతాలు అంతకంతకూ బలహీనపడుతుంటే, కంపెనీ ఎలక్ట్రీషియన్ వైల్డ్‌మన్ వైట్‌హౌస్ పెద్ద పెద్ద ఇండక్షన్ కాయిళ్ళతో దాదాపు 2,000 వోల్టులు ఎక్కించాడు. అప్పటికే దెబ్బతిన్న తొడుగు దానితో పూర్తిగా కూలింది.

మరుసటి ఏడాది దెబ్బ నేరుగా భారతదేశపు దారి మీదే పడింది. సూయజ్ నుంచి ఎర్రసముద్రం గుండా ఏడెన్‌కూ, అక్కడి నుంచి కరాచీకీ 1859–60లో వేసిన కేబుల్ ముక్క తర్వాత ముక్కగా చెడిపోయింది. ఆ కంపెనీ పెట్టుబడి 8 లక్షల పౌన్లు. దాని మీద ఏటా నాలుగున్నర శాతం చొప్పున 50 ఏళ్ళు చెల్లిస్తామని బ్రిటిష్ ప్రభుత్వం పూచీ ఇచ్చింది. కేబుల్ పనిచేస్తేనే చెల్లిస్తామన్న షరతు మాత్రం పెట్టలేదు. ఫలితంగా కబురు మోయని తీగ కోసం ఖజానా నుంచి ఏటా 36 వేల పౌన్లు పోతూ వచ్చాయి. ప్రజల సొమ్ము ఇలా పోయాక ప్రభుత్వం ఊరుకోలేకపోయింది. బోర్డ్ ఆఫ్ ట్రేడ్, అట్లాంటిక్ టెలిగ్రాఫ్ కంపెనీ కలిసి కెప్టెన్ డగ్లస్ గాల్టన్ అధ్యక్షతన విచారణ సంఘం వేశాయి. వీట్‌స్టన్, లాటిమర్ క్లార్క్, వార్లీ వంటి తంతి నిపుణులు అందులో సభ్యులు. 1861లో వెలువడిన నివేదిక ప్రకారం, అప్పటిదాకా వేసిన 11,364 మైళ్ళ సముద్ర కేబుల్‌లో పనిచేస్తున్నది మూడు వేల మైళ్ళకు కాస్త పైన మాత్రమే. సంఘం తయారీదారులనూ, ఎలక్ట్రీషియన్లనూ, శాస్త్రజ్ఞులనూ పిలిచి అడిగింది, కొత్త ప్రయోగాలు చేయించింది, సాక్ష్యాలన్నీ అచ్చువేసి లోకం ముందు పెట్టింది. ఇన్సులేషన్ పరీక్ష ఒక పద్ధతిగా నిలదొక్కుకున్నది ఈ బహిరంగ లెక్కచూపు వల్లనే.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. 1858 కేబుల్ పోయింది పరీక్ష లేక కాదు, తయారీ బాగాలేక అని కొందరంటారు. నిజానికి ఆ తీగలో చాలాచోట్ల రాగి నడిమధ్యన లేదు, ఒక పక్కకు జరిగిపోయింది. ఆరుబయట చుట్టలుగా పడి ఉండి, ఎండకు గట్టాపర్చా మెత్తబడింది. ఎర్రసముద్రం కేబుల్‌కు ఇనుప కవచం పలచన. సముద్రపు అడుగున ఎగుడుదిగుడుల మీద దాన్ని బిగుతుగా లాగి వేశారు. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. కానీ ఒక ప్రశ్న మిగిలిపోతుంది: చెడ్డ తయారీని ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపే హక్కు ఎవరికి ఉంది, దేని ఆధారంగా? కొనుగోలుదారు చేతిలో ఒప్పుకున్న కొలత లేకపోతే, తయారీదారు బాగుందంటే బాగున్నట్టే. ప్రతి మైలు ముక్కకూ ఇంత రెసిస్టెన్స్ ఉండాలని కాగితం మీద రాసుకుని, అది లేని ముక్కను వెనక్కి పంపగలిగినప్పుడే తయారీ బాగుపడింది. కొలత రావడమూ, నాణ్యత రావడమూ ఒకే కాలంలో జరిగాయంటే కారణం ఇదే. భౌతిక శాస్త్రజ్ఞుడు విలియం థామ్సన్ రాగి విషయంలో 1857లోనే దీన్ని చూపించాడు. ఒకే రకంగా కనిపించే రాగి తీగల మధ్య కరెంటును మోసే శక్తిలో పెద్ద తేడాలున్నాయని కొలిచి చెప్పాక, మంచి రాగినే ఇవ్వాలన్న షరతు ఒప్పందాల్లోకి ఎక్కింది.

కొలవాలంటే ముందు కొలమానం కావాలి. 1860లో సీమెన్స్ పాదరసపు గొట్టంతో ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. 1861లో బ్రిటిష్ అసోసియేషన్ థామ్సన్ చొరవతో ఒక ప్రమాణాల సంఘాన్ని ఏర్పాటు చేసింది. ఇవాళ్టి ఓమ్‌కు మూలం అదే. ఆ వెంటనే మరో చిక్కు ఎదురైంది. గట్టాపర్చా రెసిస్టెన్స్ వేడితో విపరీతంగా మారుతుంది. నీళ్ళు గడ్డకట్టే చలిలో ఉన్న విలువ, 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న విలువకు 20 రెట్లకు పైగా ఉంటుంది. అంటే పాడైన కేబుల్ చలికాలంలో పరీక్ష నెగ్గవచ్చు, మంచి కేబుల్ ఎండాకాలంలో ఓడిపోవచ్చు. అందుకని 24 డిగ్రీలను అందరూ ప్రమాణంగా పెట్టుకున్నారు. గ్వాదర్ నుంచి ఫావ్ దాకా పర్షియన్ గల్ఫ్‌లో 1864లో వేసిన కేబుల్‌కు చార్లెస్ బ్రైట్, లాటిమర్ క్లార్క్ ఇంజినీర్లు. ఆ కేబుల్ కోసం ఈ వేడి లెక్కను వాళ్ళు పట్టికలుగా తయారు చేశారు. ప్రతి చుట్టనూ గోరువెచ్చని నీటి తొట్టిలో ముంచి, తొడుగు లోపలిదాకా ఆ వేడి అందాక కొలిచేవారు. తొట్టి బయట కొసను శుభ్రంగా చెక్కి ఆరబెట్టాలి. లేకపోతే కొస మీది తడి పొర గుండా పారే కరెంటు కూడా తొడుగు లెక్కలో కలిసిపోతుంది. చీకటి గదిలో థామ్సన్ గాల్వనోమీటరు అద్దం నుంచి పడే వెలుగు చుక్క స్కేలు మీద ముందు దూరంగా ఎగిరి, తర్వాత మెల్లగా వెనక్కి వస్తుంది. నిమిషం అయ్యాక ఆ చుక్క ఎక్కడుందో అదే ఆ చుట్ట లెక్క.

ఆ నిమిషానికి గట్టి కారణం ఉంది. కొత్త కుండలో నీళ్ళు పోస్తే మొదట కుండ తాను పీల్చుకుంటుంది, ఆ తర్వాతే అసలు కారుతున్నది ఎంతో తెలుస్తుంది. కేబుల్ కూడా అంతే. వోల్టేజి పెట్టగానే మొదటి క్షణాల్లో కేబుల్ ఒక పెద్ద కెపాసిటరుగా చార్జి అవుతుంది. తర్వాత చాలాసేపు తొడుగు పదార్థం లోపల చార్జి నెమ్మదిగా సర్దుకుంటుంది, దానికీ కరెంటు కావాలి. ఈ రెండూ తగ్గుతూ పోతే చివరికి మిగిలేది నిజమైన లీకేజి. తొడుగు మంచిదైతే నిమిషం నిమిషానికీ కరెంటు తగ్గుతుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది. తడి చేరిన తొడుగులో లీకేజే ఎక్కువ కాబట్టి ముల్లు దాదాపు ఒకేచోట నిలబడిపోతుంది. తంతి ఇంజినీర్లు ఈ కదలికను గమనించి, అందరూ ఒకే సమయానికి చదవాలని ఒక నిమిషాన్ని ఖాయం చేసుకున్నారు. ఇవాళ పది నిమిషాల విలువను ఒక నిమిషం విలువతో భాగించి పోలరైజేషన్ ఇండెక్స్ అంటున్నాం. దాని మూలం ఆ తొట్టి పక్కనే ఉంది. పొడవు సంగతీ అక్కడే తేలింది. కిలోమీటరు కేబుల్ 1,000 మెగోమ్‌లు చూపితే, అదే కేబుల్ పది కిలోమీటర్లు 100 మెగోమ్‌లే చూపుతుంది, ఎందుకంటే పొడవు పెరిగేకొద్దీ లీకేజి దారులు పెరుగుతాయి. పొడవు, వేడి, సమయం చెప్పని మెగోమ్‌కు అర్థం లేదని 1864 నాటికే ఈ పనిచేసేవాళ్ళకు బాగా తెలుసు.

ఈ పట్టుదల ఊహించని ఫలం ఒకటి ఇచ్చింది. కేబుల్ సముద్రంలోకి దిగుతున్నంతసేపూ ఓడ మీదా ఒడ్డు మీదా ఎడతెగకుండా ఇన్సులేషన్ పరీక్ష సాగే పద్ధతిని తంతి ఇంజినీరు విల్లోబీ స్మిత్ రూపొందించాడు. దానికి చాలా ఎక్కువ రెసిస్టెన్స్ ఉండి, నిలకడగా ఉండే వస్తువు కావాలి. అందుకు సెలీనియం కడ్డీలు తీసుకుంటే, అవి ఒక్కోసారి ఒక్కో విలువ చూపించాయి. వెలుతురు పడితే రెసిస్టెన్స్ తగ్గుతోందని కనిపెట్టి, 1873 ఫిబ్రవరిలో లాటిమర్ క్లార్క్‌కు ఉత్తరం రాశాడు. వెలుగును కరెంటు సంకేతంగా మార్చే పరిశోధనలకు దారి తీసిన పరిశీలన అది. అంకె తేడాగా వచ్చినప్పుడు అది ఏ పరిస్థితిలో మారిందని అడిగే అలవాటు లేకపోతే, ఆ కడ్డీలను పనికిరానివని పక్కన పడేసి ఉండేవారు.

కరెంటు కేబుళ్ళ కాలం వచ్చేసరికి సమస్య తీరు మారింది. తంతి కేబుల్‌లో వోల్టేజి తక్కువ, లీకేజి వల్ల పోయేది సంకేతమే. హై వోల్టేజి కేబుల్‌లో తొడుగు ఓడితే మంటలు లేస్తాయి, ప్రాణం పోతుంది. 1890–91లో సెబాస్టియన్ ఫెరాంటీ డెప్ట్‌ఫర్డ్ నుంచి లండన్ నగరంలోకి 10,000 వోల్టులు తీసుకురావడానికి, మైనం పట్టించిన కాగితాన్ని రాగి గొట్టాల మధ్య చుట్టి తానే కేబుల్ తయారు చేశాడు. దాన్ని 20 అడుగుల ముక్కలుగా చేసి 28 మైళ్ళ పొడవునా కలిపారంటే, ఏడు వేలకు పైగా అతుకులన్నమాట. అధికారులకు నమ్మకం కలిగించడానికి, కరెంటు పారుతున్న ఆ కేబుల్‌లోకి సహాయకుడి చేత ఉలి పట్టించి సుత్తితో దిగగొట్టించాడు. బయటి గొట్టం ఎర్తుకు కలిపి ఉన్నందువల్ల అతనికి ఏమీ కాలేదు. కాగితానికి తడే అసలు శత్రువు, ప్రతి అతుకూ తడికి ఒక తలుపు. రోడ్డు తవ్విన గోతిలో అతుకు వేసిన పనివాడికి చీకటి గదీ, అద్దపు గాల్వనోమీటరూ అమరవు. ఆ కొరత తీర్చింది సిడ్నీ ఎవర్షెడ్. 1889లో మోసుకెళ్ళగలిగే ఇన్సులేషన్ పరీక్ష పరికరానికి పేటెంటు తీసుకున్నాడు. 1903లో మెగ్గర్ అన్న పేరు ట్రేడ్‌మార్కుగా నమోదైంది. పెట్టెలోనే చేత్తో తిప్పే జనరేటరు ఉంటుంది. కొంత వేగం దాటగానే క్లచ్చి జారుతుంది కాబట్టి ఎంత గట్టిగా తిప్పినా వోల్టేజి నిలకడగా ఉంటుంది. వోల్టేజికి ఒకటీ, కరెంటుకు ఒకటీ రెండు కాయిళ్ళు ముల్లును చెరో వైపు లాగుతాయి. ఆ రెంటి నిష్పత్తి దగ్గర ముల్లు ఆగుతుంది. లెక్క వేయనక్కర్లేదు, నేరుగా మెగోమ్‌లే చదవచ్చు.

ఈ సౌకర్యమే అలవాటును సడలించిందని నా అభిప్రాయం. తొట్టి పక్కన కూర్చున్నవాడు వేడి చూడకుండా కొలవలేకపోయేవాడు, ఎందుకంటే అతని లెక్కలో వేడి ఒక భాగం. మెగ్గరు పట్టుకున్నవాడికి ముల్లు చూస్తే చాలు. ఇది పనివాళ్ళను తక్కువ చేయడం కాదా అని ఎవరైనా అడగవచ్చు. మెగ్గరు లేకపోతే ఊరూరా పరీక్షే ఉండేది కాదు, ఇంకెందరో షాకు కొట్టి చనిపోయేవారు అన్న మాట నూటికి నూరు పాళ్ళు నిజం. పరికరాన్ని నేను తప్పు పట్టడం లేదు. ఎవర్షెడ్ స్వయంగా 1913లో ఇన్సులేషన్ రెసిస్టెన్స్ లక్షణాల మీద పెద్ద పత్రం సమర్పించాడు. తడి పీల్చుకునే తొడుగుల్లో వోల్టేజి పెంచేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుందని, దానికి పదార్థం లోపలి సన్నటి నీటి పొరలు కారణమని ప్రయోగాలతో చూపించాడు. అంటే 500 వోల్టుల దగ్గర తీసిన అంకెనూ 5,000 వోల్టుల దగ్గర తీసిన అంకెనూ ఒకే గాటన కట్టకూడదని, పరికరం చేసినవాడే చెప్పాడు. పొడవు, వేడి, సమయాలకు వోల్టేజి కూడా తోడైంది. జనం చేతికి పరికరం అందింది. పత్రం చాలావరకు గ్రంథాలయంలో ఉండిపోయింది.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఇవాళ్టి కేబుళ్ళ వైపు నుంచి వస్తుంది. 1960ల తర్వాత కాగితం స్థానంలోకి క్రమంగా ఎక్స్‌ఎల్‌పీఈ (క్రాస్‌లింక్డ్ పాలిథిలిన్) అనే ప్లాస్టిక్ తొడుగు వచ్చింది. దాని రెసిస్టెన్స్ ఎంత ఎక్కువంటే, బాగున్న కిలోమీటరు కేబుల్ వేల మెగోమ్‌లు చూపుతుంది. కానీ దాని లోపలికి తడి చేరి, ఏళ్ళ తరబడి కొమ్మలుగా వ్యాపించే సన్నటి నీటి చెట్లను 1969లో జపాన్‌లో బయటపెట్టారు. అవి తొడుగు అవతలి వైపు దాకా పాకనంతవరకు మెగ్గరు అంకె చెక్కుచెదరదు. తొడుగులోని గాలి బుడగలో జరిగే చిన్న చిన్న మెరుపులను, అంటే పార్షియల్ డిశ్చార్జిని కూడా మెగ్గరు పట్టలేదు. అలాంటప్పుడు ఈ పాతకాలపు పరీక్ష దేనికి? జవాబు చరిత్రలోనే ఉంది. మెగ్గరు చాలదనుకుని చాలామంది ఎక్కువ వోల్టేజి డీసీ పరీక్ష వైపు వెళ్ళారు. కాగితం కేబుళ్ళకు అది దశాబ్దాలపాటు పనికొచ్చింది. పాతబడ్డ ఎక్స్‌ఎల్‌పీఈ కేబుళ్ళకు పెడితే మాత్రం, తొడుగు లోపల చార్జి చిక్కుకుని, పరీక్ష నెగ్గిన కేబులే తిరిగి లైనుకు కలిపాక త్వరగా పోతోందని 1990లలో తేలింది. దాంతో సెకనుకు పదో వంతు సైకిల్‌తో మారే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ ఏసీ వాడుకలోకి వచ్చింది. 50 సైకిళ్ళతో పోలిస్తే దీనికి కేబుల్ తీసుకునే చార్జింగ్ కరెంటు 500వ వంతే కాబట్టి చిన్న యంత్రం సరిపోతుంది. వైట్‌హౌస్ రెండు వేల వోల్టులకూ ఈ డీసీ ఉదంతానికీ మధ్య పోలిక స్పష్టం: బలమైన పరీక్షే మంచి పరీక్ష అనుకోవడం రెండుసార్లూ దెబ్బతీసింది. మెగ్గరు ఒక ప్రశ్నకే జవాబిస్తుంది. తడి, తెగిన తొడుగు, సరిగ్గా వేయని అతుకు, మురికి పట్టిన కొస వల్ల కరెంటు కారుతోందా అన్నదే ఆ ప్రశ్న. కేబుల్‌కు హాని లేకుండా ఆ ప్రశ్న అడగగలగడమే దాని బలం, కాబట్టి మిగతా పరీక్షలకు ముందూ తర్వాతా దాన్ని పెట్టడం సబబు.

మన దేశంలో ఈ వారసత్వం నిబంధనల్లోనే కనిపిస్తుంది. 1956 నాటి భారతీయ విద్యుత్ నిబంధనలు మీడియం వోల్టేజి ఏర్పాట్లకు 500 వోల్టులు, ఒక నిమిషం, కనీసం ఒక మెగోమ్ అన్నాయి. ఆ నిమిషం గల్ఫ్ కేబుల్ తొట్టి దగ్గరి నిమిషమే. చట్టానికి ఒక కనీస గీత అవసరం, అందులో తప్పు లేదు. గీత దాటితే కేబుల్ ఆరోగ్యంగా ఉన్నట్టే అనుకోవడం మాత్రం తప్పు. పోయిన ఏడాది 8,000 మెగోమ్‌లు ఉన్న కేబుల్ ఈ ఏడాది అదే వేడిలో, అదే వోల్టేజి దగ్గర 800 చూపితే, చట్టం ప్రకారం అది బాగున్నట్టే, ఇంజినీరు దృష్టిలో అది ముందస్తు హెచ్చరిక. ఈ తేడా మన రాష్ట్రాల్లో ఇప్పుడు మరీ ముఖ్యం. 2014లో హుద్‌హుద్ తుపాను స్తంభాలను నేలకూల్చాక విశాఖపట్నంలో లైన్లను భూమిలోకి దించే పని పెద్ద ఎత్తున జరిగింది. స్తంభం మీది ఇన్సులేటరు పగిలితే కింద నుంచి కంటికి కనిపిస్తుంది. ఉప్పుగాలి, వర్షపు నీరు ఉన్న తీరపు మట్టిలో పాతిన కేబుల్ పరిస్థితి చెప్పేది దాని రికార్డే.

అందుకని కేబుల్ వేసిన రోజున తీసే తొలి విలువలను ఆ కేబుల్‌కు పుట్టుక పత్రంగా చూడాలి. పొడవు, వేడి, పెట్టిన వోల్టేజి, ఒక నిమిషం విలువ, పది నిమిషాల విలువ, కొస మీది లీకేజిని లెక్కలోంచి తప్పించే గార్డు తీగ కట్టారా లేదా, ఆ రోజు వాన ఉందా, కొసలు తుడిచారా అన్నవన్నీ అందులో ఉండాలి. పరీక్ష అయ్యాక కేబుల్‌లో మిగిలిన చార్జిని ఎర్తు చేసి ఎంతసేపు వదిలారో కూడా రాయాలి. అది మనిషి ప్రాణానికి సంబంధించినది, తర్వాతి కొలత నిజాయితీకీ సంబంధించినది. ఇందుకు కొత్త యంత్రం కొనక్కర్లేదు, రిజిస్టరులో మరికొన్ని గడులు గీస్తే సరిపోతుంది. 1861 విచారణ సంఘం చేసిన గొప్ప పని, విఫలమైన కేబుళ్ళ వివరాలను దాచకుండా అచ్చువేయడం. కేబుల్ పోయిన ప్రతిసారీ దాని పాత విలువలను బయటికి తీసి చూడటం, ఆ విలువలే లేకపోతే ఎందుకు లేవని అడగడం నియమం కావాలి. కొత్త కేబుల్‌కు కోట్లు ఖర్చుపెట్టే సంస్థలు ఆ నియమాన్ని టెండరు కాగితాల్లోనే చేర్చాలి, ఎందుకంటే తయారీదారునూ గుత్తేదారునూ కట్టడి చేసే బలం కొలతకు 1860లలోనూ ఒప్పందం ద్వారానే వచ్చింది.